యాభై ఏళ్లు నిండేదాకా తుక్కేనా?

సంపాదకులకు నమస్కారం.

కొత్త సంవత్సరం సందర్భంగా మీ జిల్లా అనుబంధంలో పాత వాహనాల ప్రదర్శన వార్త వచ్చి పది రోజులు దాటింది. కోపం తగ్గాక రాయడం మర్యాద అనుకుని ఇన్నాళ్లూ ఆగాను గానీ అది తగ్గేలా లేదు. మీరు ‘వింటేజ్ బుల్లెట్’ అని రాసిన ఫొటోలోనిది మైసూరులో తయారైన జావా. ఒకే సిలిండరుకు రెండు పక్కలా రెండు సైలెన్సర్లు, ఎడమవైపు కిక్కుకూ గేరుకూ కలిపి ఒకటే రాడ్డు ఉన్న బండిని బుల్లెట్ అనుకోవడం పాత రోజుల్లో మా వీధి పిల్లలు కూడా చేయని పని. అయినా నా అసలు బాధ అది కాదు. వార్త చివర ఒక అధికారి, పాత వాహనాలను కాపాడుకునేవారికి ప్రభుత్వం అన్ని విధాలా అండగా ఉంటున్నదని సెలవిచ్చారు. ఆ జావా కర్మాగారంలోనే తయారైన 1983 నాటి యెజ్డీ రోడ్‌కింగ్‌ను ఇప్పటికీ నడిపిస్తున్న మనిషిగా, గడిచిన 2025లో ఆ అండ ఎలా ఉన్నదో మీ పాఠకులకు చెప్పవలసి ఉంది.

మోటారు సైకిలు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు 2022 మార్చి దాకా 300 రూపాయలు కట్టేవాళ్లం. ఏప్రిల్ నుంచి దాన్ని వెయ్యి చేశారు. నిరుడు ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకు రెండు వేలు చేశారు. పాత వాహనాల మీద వేసే గ్రీన్ ట్యాక్సు దీనికి అదనం. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 22 నుంచి, 350 సీసీ వరకు ఉన్న కొత్త మోటారు సైకిళ్ల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి దించారు. పాత బండిని తుక్కుకిచ్చి పత్రం తెచ్చుకున్నవారికి కొత్త బండి రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చని కేంద్ర నిబంధన ఎలాగూ ఉండనే ఉంది. తుక్కు చేసినవాడికి బహుమానం, తుడిచి దాచుకున్నవాడికి వడ్డన అన్నమాట.

ఆ రెండు వేలు కట్టి ఊరుకుందామన్నా కుదరలేదు. నా బండిది జిల్లా అంకెలు రాకముందు ఇచ్చిన మూడక్షరాల నంబరు. దాన్ని రవాణా కార్యాలయం కంప్యూటరు గుర్తించదు. పాత రిజిస్టరు చూసి వివరాలు ఎక్కించవలసిన గుమాస్తాగారు రిజిస్టరు పై అంతస్తులో ఉందన్నారు. పై అంతస్తువారు కింద ఉందన్నారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారైతే బండి చుట్టూ ఒకసారి తిరిగి, ‘ఇంకా ఎందుకండీ దీన్ని ఉంచుకోవడం, ఇచ్చేయండి’ అని సలహా ఇచ్చారు. వెనుకటి ఇన్‌స్పెక్టర్లు లంచం అడిగినా బండి స్టార్ట్ చేయించి, శబ్దం విని, క్లచ్ ప్లేట్లు అరిగాయని చెప్పగలిగేవారు. ఇప్పుడు రెండింటిలో ఒకటే మిగిలింది.

ఇక ఇంధనం సంగతి. నిరుటికల్లా పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతానికి చేరిందని, గడువుకు ఐదేళ్ల ముందే సాధించామని పండుగ చేశారు. చెరకు రైతుకు, దేశ ఖజానాకు మేలు జరిగితే నాకూ సంతోషమే. కానీ ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వారానికి ఒకసారి తీసే బండిలో ఆ నీరు ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకు చేరి, లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. ఆ కాలపు పెట్రోల్ గొట్టాలు, పెట్రోలు కాక్ (కుళాయి) వాషర్లు ఉబ్బి మెత్తబడతాయి. నాది రెండు స్ట్రోకుల ఇంజిను. దాని లోపలి భాగాలకు జిడ్డు అందేది పెట్రోలులో మనం కలిపే ఆయిలు నుంచే. అడుగున చేరిన ఆ నీళ్ల పొర ఆయిలు లేకుండా కార్బురేటరులోకి దిగిందంటే పిస్టన్ పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. కేంద్ర పెట్రోలియం శాఖ ఆగస్టులో ఇచ్చిన వివరణలో, కొన్ని పాత వాహనాలకు ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు మార్చుకోవలసి రావచ్చని, అది చవకైన పనేనని తేల్చేశారు. 1996లో మూతపడిన ఆ మైసూరు కర్మాగారపు బండికి ఆ భాగాలు ఏ షోరూములో చవకగా దొరుకుతాయో కూడా రాసి ఉంటే బాగుండేది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు సెప్టెంబరు 1న కొట్టివేసింది. బ్రిటన్‌లో 2021లో పది శాతం ఇథనాల్ తెచ్చినప్పుడు పాత బండ్ల కోసం ఐదు శాతానికి మించని రకాన్ని ఖరీదైన పెట్రోలుగానైనా ఉంచారు. మా జిల్లాలో మాకు ఆ ఖరీదు చెల్లించే అవకాశం కూడా లేదు.

‘మరి వింటేజ్ నిబంధనలు ఉన్నాయి కదా’ అంటారు. ఉన్నాయి, 2021 జులై నుంచి. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనానికే ఆ గౌరవం. కొత్తగా నమోదుకు ఇరవై వేలు, పదేళ్ల చెల్లుబాటు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ తప్ప రోడ్డెక్కకూడదన్న షరతు. సంపన్నుల గ్యారేజీలోని మోరిస్ కారుకు అది చక్కగా సరిపోతుంది. కానీ తెలుగు ఇళ్లలో మిగిలి ఉన్నవి ఏవి? 1983లో వచ్చిన ఆర్‌డీ 350, 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్‌లు, రోడ్‌కింగ్‌లు, సనత్‌నగర్ ఆల్విన్‌వారు ఫ్రిజ్‌లతో, గడియారాలతో పాటు తయారుచేసిన పుష్పక్ స్కూటర్లు. మొదటి ఆర్‌డీకి యాభై నిండేది 2033లో. చివరి యెజ్డీకి, చివరి ఆర్‌ఎక్స్‌కు 2046లో. అప్పటిదాకా ఇవి ఫీజు వసూలుకు ముసలివి, గౌరవానికి పసివి. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ముప్పై ఏళ్లు చాలంటుంది. జర్మనీలో ముప్పై నిండితే ప్రత్యేక నంబరు పలక ఇస్తారు. పైగా మన కంపెనీలు జావా పేరును 2018లో, యెజ్డీ పేరును 2022లో మళ్లీ బయటికి తీసి, కొత్త బండ్లకు పాత రూపు దిద్ది అమ్ముకుంటున్నాయి. నకలుకు పన్ను తగ్గింది, అసలుకు ఫీజు పెరిగింది.

రెండు స్ట్రోకుల బండి పొగ వదులుతుంది, కాదనను. అందుకే దాన్ని రోజూ ఆఫీసుకు తోలుకుపోయే హక్కు అడగడం లేదు. ఆదివారాలకే పరిమితం చేయమన్నా సంతకం పెడతాను. నేను అడిగేది, ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య ఉన్న, అసలు రూపంలో కాపాడిన ద్విచక్ర వాహనాలకు తక్కువ రుసుముతో ఒక వేరు తరగతి. జిల్లా కేంద్రంలో ఒక్క బంకులోనైనా ఇథనాల్ తక్కువ కలిసిన పెట్రోలు. మన పార్లమెంటు సభ్యులలో ఒక్కరు ఈ ప్రశ్న సభలో వేసినా మేలే. ఇంధనం, వింటేజ్ నిబంధనలు కేంద్రం చేతిలోనివి కావచ్చు గానీ, మూడక్షరాల నంబర్లను కంప్యూటరులోకి ఎక్కించే పని మాత్రం ఇక్కడి కార్యాలయాలదే. అది ఏ తేదీకి పూర్తవుతుందో ఆ అండగా ఉంటున్న అధికారిగారినే అడిగి మీ పత్రికలో ప్రచురించగలరు. మార్చి నెలాఖరుకు నా ఆర్‌సీ గడువు ముగుస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు