సంఘం వార్షిక నివేదిక, 2024–25 (పర్లాకిమిడి)

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. వంటల బాధ్యత మోసిన మహిళా సభ్యులకు, షామియానా ఉచితంగా వేయించిన దాతకు, పాతపట్నం నుంచి వచ్చిన భజన బృందానికి కృతజ్ఞతలు.

ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోవలసింది ఆదివారం దంత శిబిరం కోసం పెట్టిన శిక్షణ. దాతలిచ్చిన ఆటోక్లేవ్ (పనిముట్ల మీది క్రిములను ఆవిరితో చంపే యంత్రం) వచ్చాక ఇక టెన్షన్ లేదని చాలామంది అనుకున్నారు. బరంపురం నుంచి వచ్చిన నర్సమ్మగారు ఒప్పుకోలేదు. ముందు కడుగుడు, తర్వాతే ఆవిరి అన్నారు. రక్తం ఎండి అంటుకుంటే దాని కిందికి ఆవిరి పోదు. మరీ వేడినీళ్లు పోసినా రక్తం గట్టిపడి పట్టేస్తుంది, అందుకే గోరువెచ్చని సబ్బునీళ్లు. పన్ను తీసే ఫోర్సెప్స్ కీలు తెరిచి, నీళ్లలో మునిగి ఉండగానే బ్రష్‌తో రుద్ది చూపించారు. నీళ్ల పైన రుద్దితే తుంపరలు మొహాన పడతాయి. మందపాటి రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఎండిన రక్తంలో హెపటైటిస్ బి వైరస్ వారం రోజులైనా బతికే ఉంటుందని విన్నాక ఎవరూ గ్లౌజులు వద్దనలేదు.

కడిగి ఆరబెట్టిన పనిముట్లను ప్యాక్ కట్టి 121 డిగ్రీల వేడిలో, 15 పౌండ్ల ఒత్తిడిలో 30 నిమిషాలు ఉంచాలి. వేడి 121కి చేరాకే టైమ్ లెక్క. తడిగా బయటికొచ్చిన ప్యాక్‌ను మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. ప్యాక్‌కు అంటించే సూచిక టేపు మీద గీతలు నల్లబడ్డాయంటే ఆవిరి వేడి తగిలిందనే అర్థం, లోపల క్రిములన్నీ చచ్చాయని కాదు. ఈ వివరాలు తెలుగులో, ఒడియాలో రాసి గోడకు అంటించిన మన యువకులకు ప్రత్యేక ధన్యవాదాలు.

బాధతో ఒక మాట. ప్రారంభోత్సవం రోజు ఫొటోకి చోటు చాలలేదు. ఆ తర్వాత సింకు దగ్గర కనిపించింది ఎప్పుడూ వచ్చే ఆ నలుగురు అక్కచెల్లెళ్లే. పేరిచ్చినవారు ఫోన్ కూడా ఎత్తలేదు. వాడిన సూదులు తీసుకెళ్లే ఏర్పాటు కోసం అధికారులకు ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలు నిండి గదిలోనే ఉన్నాయి. కొండల మీద నుంచి సవర కుటుంబాలు మనల్ని నమ్మి వస్తున్నాయి, ఇది ఇలా సాగకూడదు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. ఆడిట్ అయింది, నిల్వ స్వల్పం.

వచ్చే మూడు నెలల రోస్టర్ ఆఫీసు బల్ల మీద ఉంది. కడిగే పనికి పేర్లు ఈ సభలోనే రాసి వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి