వేదిక మీది పేర్లన్నీ కరెక్టే, ఆక్సిజనే తప్పు

సంపాదకులు గారికి,

నమస్కారం. కిరణజన్య సంయోగక్రియ గురించి ఇక్కడి ఒక కళాశాలలో జరిగిన ప్రసంగం వార్తను ఆ మధ్య మీ గుంటూరు జిల్లా పేజీలో వేశారు. అందులో ఒక పెద్ద తప్పు దొర్లింది. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ, మీరే సవరణ వేస్తారేమోనని ఆగాను. సవరణ వచ్చింది కూడా. వేదిక మీద కూర్చున్న ఒక నాయకుడి పేరు వార్తలో రాలేదట, అందుకు చింతిస్తున్నారట! అది చూశాక ఇక ఆగబుద్ధి కాలేదు.

మూడు కాలాల వార్తలో జ్యోతి వెలిగించినవారు, శాలువా కప్పినవారు, కప్పించుకున్నవారు, జ్ఞాపిక ఇచ్చినవారు, వందన సమర్పణ చేసినవారు, ఫొటోలో ఎడమ నుంచి కుడికి నిలబడ్డవారు అందరూ ఉన్నారు. అసలు ప్రసంగం దేని గురించో చెప్పడానికి ఒక్క వాక్యం మిగిలింది. "మొక్కలు సూర్యరశ్మి సాయంతో కార్బన్ డయాక్సైడ్‌ను ఆక్సిజన్‌గా మారుస్తాయని వక్త వివరించారు." వక్త అలా వివరించలేదండీ. ఆ సభలో నేనూ ఉన్నాను. ఆయన గంటసేపు గొంతు చించుకుని చెప్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. మీ విలేకరి శాలువాల ఘట్టం అవగానే వెళ్లిపోయి ఉంటారు.

మొక్క వదిలే ఆక్సిజన్ నీటి నుంచి వస్తుంది, కార్బన్ డయాక్సైడ్ నుంచి కాదు. ఇదేమీ నిన్నగాక మొన్న తేలిన సంగతి కాదు. 1941లోనే రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీటిని క్లోరెల్లా అనే పచ్చ నాచుకు ఇచ్చి, బయటికి వచ్చిన వాయువులో అదే ఆక్సిజన్‌ను పట్టుకుంది. ఆకు మీద వెలుతురు పడగానే పత్రహరితం (క్లోరోఫిల్) ఆ శక్తిని చర్యా కేంద్రానికి, అంటే ఎలక్ట్రాన్ల పని మొదలయ్యే చోటికి, చేరవేస్తుంది. అక్కడున్న పత్రహరితం నుంచి ఒక ఎలక్ట్రాన్ పక్క అణువు మీదికి దూకుతుంది. ఆ లోటును పూడ్చుకోవడానికి మొక్క నీటి నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. అలా నాలుగు ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా లాగాక గానీ రెండు నీటి అణువులు విడిపోయి ఒక ఆక్సిజన్ అణువు బయటపడదు. కార్బన్ డయాక్సైడ్ సంగతి ఆ తర్వాత. దాన్ని చక్కెరగా మార్చడానికి కావలసిన ఎ.టి.పి. (కణాలకు శక్తినిచ్చే అణువు) కూడా ఈ కాంతి చర్యల్లోనే తయారవుతుంది. ఆ ఎ.టి.పి.ని 1929లో కనిపెట్టినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. వక్త ఈ మాట చెప్పినప్పుడు హాల్లో చప్పట్లు మోగాయి. తెలుగు పేపరుకు అంతకంటే మంచి శీర్షిక ఎక్కడ దొరుకుతుంది? అదీ వదిలేశారు.

ప్రసంగం నడిచిందంతా కిరణజన్య సంయోగక్రియ శాస్త్రవేత్త గోవింద్‌జీ పరిశోధనల మీద. మీరు ఆయన్ని "జి. గోవింద్" చేశారు. ఆయన ఒంటి పేరుతోనే పరిశోధన పత్రాలన్నీ రాశారు, ఇనీషియల్ మీరు ప్రసాదించిందే. 1932లో అలహాబాదులో పుట్టి, అక్కడే వృక్షశాస్త్రం చదివి, 1956లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి, రాబర్ట్ ఎమర్సన్ దగ్గరికి వెళ్లారు. ఈ ఎమర్సన్ కథ మన కాలేజీల్లో గోడ మీద రాసిపెట్టాల్సింది. ఆయన గురువు ఆటో వార్బుర్గ్, నోబెల్ గ్రహీత. ఒక ఆక్సిజన్ అణువు రావడానికి నాలుగు ఫోటాన్లు (కాంతి రేణువులు) చాలన్నది ఆ గురువు గారి లెక్క. శిష్యుడు మళ్లీ మళ్లీ కొలిచి, ఎనిమిదికి తగ్గడం లేదండీ అన్నాడు. గురువు ఒప్పుకోలేదు, శిష్యుడు వెనక్కి తగ్గలేదు. చివరికి నిలబడింది శిష్యుడి లెక్కే. మన దగ్గరైతే ఆ శిష్యుడికి పీహెచ్‌డీ వచ్చేదా అని నాకు అనుమానం.

ఎమర్సన్ 1959లో విమాన ప్రమాదంలో పోయారు. గోవింద్‌జీ పరిశోధన మధ్యలో ఉన్నారు. అదే విశ్వవిద్యాలయంలోని మరో శాస్త్రవేత్త రాబినోవిచ్ దగ్గర పూర్తిచేసి 1960లో డాక్టరేట్ తీసుకున్నారు. ముదురు ఎరుపు కాంతి ఒక్కటే ఇస్తే మొక్క సరిగా పనిచేయదు, దానికి తోడు కాస్త పొట్టి తరంగాల కాంతి కూడా ఇస్తే రెండూ విడివిడిగా ఇచ్చినప్పటి మొత్తం కంటే ఎక్కువ ఆక్సిజన్ ఇస్తుంది. ఇది ఎమర్సన్ చూసింది. ఆ పొట్టి తరంగాల పనిలోనూ పత్రహరితం-ఎ (పత్రహరితంలో ముఖ్యమైన రకం) పాత్ర ఉందని, దానికి రెండు రకాల రూపాలు, రెండు వేర్వేరు పనులు ఉన్నాయని గోవింద్‌జీ, రాబినోవిచ్ చూపించారు. ఇంటర్ పిల్లలు బట్టీ పట్టే రెండు కాంతి వ్యవస్థల (వెలుతురును పట్టి ఎలక్ట్రాన్లను కదిలించే ఏర్పాట్ల) వెనక ఉన్న కష్టం ఇదీ. తర్వాత 1989లో వాసిలెవ్‌స్కీ బృందంతో కలిసి, రెండో కాంతి వ్యవస్థలో ఆ మొదటి ఎలక్ట్రాన్ దూకడానికి ఎంతసేపు పడుతుందో కొలిచారు. దాదాపు మూడు పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. ఇదంతా సభలో చెప్పారు, బోర్డు మీద బొమ్మ కూడా వేశారు.

ఈ పికోసెకన్ల గోల మాకెందుకు అంటారేమో. వరి కోశాక దుక్కి దున్నకుండా మొక్కజొన్న వేసే తెనాలి, దుగ్గిరాల వైపు రైతును అడగండి. ఆయన కొట్టే అట్రాజిన్ చేసే పనేమిటి? సరిగ్గా ఆ రెండో కాంతి వ్యవస్థలో ఎలక్ట్రాన్ చేతులు మారే చోట కూర్చుని దారి మూసేస్తుంది. కలుపు చస్తుంది, మొక్కజొన్న మాత్రం ఆ మందును తనలోనే విరిచేసుకుని బతుకుతుంది. దుకాణంలో గడ్డి మందు అని ఇచ్చే పారాక్వాట్ అయితే మొదటి కాంతి వ్యవస్థ దగ్గర ఎలక్ట్రాన్లను తన్నుకుపోయి ఆక్సిజన్‌కు అంటగడుతుంది. దాంతో పుట్టే విషానికి ఆకు పొరలు చిట్లిపోతాయి. మంచి ఎండలో కొడితే గడ్డి త్వరగా మాడుతుందని రైతుకు తెలుసు. ఎందుకో చెప్పేవాడు లేడు. మీ వ్యవసాయం పేజీలో ఎకరాకు ఎన్ని గ్రాములు, ఎన్ని లీటర్ల నీళ్లు అని వేస్తారు, అంతటితో సరి.

ఆ మాటకొస్తే మీ ఆధ్యాత్మిక పేజీ మరీ అన్యాయం. రావిచెట్టు రాత్రిళ్లు కూడా ఆక్సిజన్ ఇస్తుందని, అందుకే పెద్దలు ప్రదక్షిణం పెట్టారని ఏటా కార్తీకంలో వేస్తారు. వెలుతురు లేకపోతే నీరు విడిపోదు, నీరు విడిపోకపోతే ఆక్సిజన్ లేదు. రావి అయినా, తులసి అయినా, తుమ్మ అయినా రాత్రి ఊపిరి పీల్చుకోవడమే. దండం పెట్టుకోండి, కాదనను. నేనూ పెడతాను. సైన్సు పేరు చెప్పి మాత్రం వద్దు.

మీ ఒక్కరినే అని లాభం లేదు లెండి. బైపీసీ పిల్లలు వేలల్లో చదివే ఈ గుంటూరు, విజయవాడల్లో ఎన్ని జూనియర్ కాలేజీల ల్యాబుల్లో గాజు గరాటు కింద హైడ్రిల్లా అనే నీటి మొక్క పెట్టి బుడగలు చూపిస్తున్నారు? రికార్డు పాతది చూసి రాయించడం, పరీక్ష ముందు రోజు బొమ్మలకు రంగులు వేయించడం. పిల్లవాడికి ఎలక్ట్రాన్ల దారిని చూపే జడ్-పథకంలో ఏ బిట్టు వస్తుందో తెలుసు, బుడగలో ఏముందో తెలియదు. ఇక మన అధికారులు వానాకాలం రాగానే మొక్క నాటి ఫొటో దిగుతారు, ఉపన్యాసంలో ఒక చెట్టు ఇంతమందికి ఆక్సిజన్ ఇస్తుందని ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. మీరు ఆ అంకెను పెట్టెకట్టి వేస్తారు. మండు వేసవిలో కరెంటు తీగలకు అడ్డమని మా వీధిలో కానుగ చెట్లను మొండాలుగా నరికి పడేసినప్పుడు మాత్రం ఏ కెమెరా రాలేదు.

కాబట్టి నా విన్నపం. నాయకుడి పేరుకు ఇచ్చినంత చోటులోనే ఇంకో సవరణ వేయండి: మొక్కల ఆక్సిజన్ నీటిది, శాస్త్రవేత్త పేరు గోవింద్‌జీ. విలేకరికి తీరిక ఉంటే మా ఇంటికి పంపండి. నాలుగు పాలకూర ఆకులు నూరి, సర్జికల్ స్పిరిట్‌లో కలిపి వడగడితే పచ్చటి రసం వస్తుంది. గాజు గ్లాసులో పోసి, చీకటి చేసి, దొంగనోట్లు పట్టే నీలి టార్చి వేస్తే ఆ పచ్చ రసమే పక్కనుంచి ఎర్రగా వెలుగుతుంది. వాడుకోలేని శక్తిని పత్రహరితం అలా ఎర్ర కాంతిగా వదిలేస్తుంది. గోవింద్‌జీ వంటివారు ఏళ్ల తరబడి కొలిచింది ఆ వెలుగునే. ఫొటో కూడా బాగా వస్తుంది. టార్చి మీ ప్రకటనల కౌంటరులో ఉండే ఉంటుంది, పాలకూర, స్పిరిట్ ఖర్చు నాది.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు