పన్నెండో చెట్టు

ఒరేయ్ పనసతొనా,

నీకు మూడు ఉత్తరాలు బాకీ ఉన్నాను, తెలుసు. తిట్టుకో, కానీ ఇది చదివాక తిట్టుకో. ఇక్కడంతా బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, తుఫాను తర్వాత పెట్టిన కొబ్బరి మొక్కలు ఈ ఏడు గెలలు వేశాయి. మన ఇత్తడి గంట ఇంకా మోగుతోంది (ఎవరో నీకు తెలుసు, పేరు రాయను). మిగతా కబుర్లు మళ్ళీ ఎప్పుడైనా. ఒక్క సంగతి మాత్రం నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న అక్టోబరు 11న రామమందిరం అరుగు మీద పిల్లలందర్నీ కూర్చోబెట్టాం. తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి ఎలా గడిచిందో పెద్దవాళ్ళు చెప్పాలి, పిల్లలు వినాలి. మాస్టార్ని కదా, మొదట నన్నే మాట్లాడమన్నారు. నాలుగు కాగితాలు రాసుకుని వెళ్ళాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఎలా బలపడింది, ఆ పేరు పాకిస్తాన్ ఎలా పెట్టింది, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఎలా నేలకొరిగాయి, అన్నీ ఉన్నాయి. ఒక్క తప్పు లేదురా అందులో. అయినా రెండో కాగితం తిప్పేసరికి పిల్లలు ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్నారు. నేను గొంతు పెంచాను. వాళ్ళూ పెంచారు.

అప్పుడు మన జీడిపిక్కల మామ్మ (ఉంది, ఇంకా పనికి వెళ్తూనే ఉంది, చేతులు అలాగే నల్లగా) స్తంభానికి ఆనుకుని కూర్చున్నదల్లా అడిగింది. "బావూ, గాలి ఎంత జోరో సెప్పినావు. ఆ గాలొచ్చినప్పుడు నీ సేతుల్లో ఏటున్నాది? ఏటి పట్టుకున్నావు?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నేను తలుపు పట్టుకున్నాను, ఆ నాలుగు కాగితాల్లో ఎక్కడా ఆ తలుపు లేదు.

కాగితాలు మడిచి జేబులో పెట్టేశాను. "తలుపు" అన్నాను. మామ్మ "ఊ" అంది. గడియ ఊడిపోయింది, వడ్ల బస్తా అడ్డం పెడితే బస్తాతో సహా తలుపు లోపలికి జరుగుతోంది, నాన్న వీపు ఆనించి కూర్చున్నాడు, పక్కనే నేను. మామ్మ "మరి మీ యమ్మ?" అంది. అమ్మ కోళ్ళగంప మీద చీర కప్పి, దాన్ని కావలించుకుని కూర్చుంది. ఒకడు కిసుక్కున నవ్వాడు, కానీ అందరూ నా వైపే చూస్తున్నారు! చీకట్లో పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. అప్పుడు నాన్న మెల్లగా అన్నాడు, "నూతి కాడది." నాకు అర్థం కాలేదు. కాసేపటికి, "తూరుపు గట్టుది." చెట్టు పడిన చప్పుడు విని, అది ఏ చెట్టో చెప్తున్నాడురా! నేను ఒక్కో చెట్టుకి ఒక్కో వేలు ఎత్తాను, ఎత్తి ఆగాను. పిల్లల కళ్ళు నా వేళ్ళ మీదే ఉన్నాయి. వేళ్ళు పదీ అయిపోయాయి. పదకొండోది పడ్డాక నాన్న ఇంక చెప్పలేదు, అన్నాను.

ఇక్కడ నేను ఇంకేదో అనబోయాను, నాన్న గుండె పగిలిపోయిందనో ఏదో. మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది. సరే, ఆగిపోయాను. అరుగు మీద చీమ చిటుక్కుమనలేదు. ముందు వరసలో ఒక గుంటడు, "మాస్టారూ, మరి పన్నెండోది?" అన్నాడు.

వెనకాల నుంచి నాన్న గొంతు. ఆయన వచ్చి కూర్చున్న సంగతే నాకు తెలీదు. "పన్నెండోది కాడ్నుంచి అన్నీ ఒక్కసారే పడిపోనాయిరా. ఏది ఏదో తెలవనేదు."

ఒరేయ్, ఇన్నేళ్ళూ నేను దుఃఖంతోనే లెక్క ఆపేశాడనుకున్నాను! ఇది రాస్తుంటే మళ్ళీ గొంతు పట్టేస్తోంది, ఉండు.

ఆ రాత్రంతా ఆలోచించాను. బుర్రకథలో నడుమ కథకుడుంటే అటొకరు ఇటొకరు వంతలుంటారు కదా, మనం చిన్నప్పుడు వాళ్ళు హాస్యానికీ తందానకీ మాత్రమే అనుకునేవాళ్ళం. కాదురా. జనం మనసులో ఉన్న ప్రశ్నని వాళ్ళే ముందు అడిగేస్తారు. మామ్మ నాకు వంత అయ్యింది. మరి దీన్నే కథగా కాగితం మీద రాసేటప్పుడు ఊ కొట్టేవాళ్ళేరీ? అదే నన్ను తినేసింది.

ఆ ఆదివారం శ్రీకాకుళం వెళ్ళి, కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయంలో మధ్యాహ్నం దాకా కూర్చుని, ఓ ఇరవై పాత కథల మొదటి పేరాలు మాత్రం చదివాను. విజయనగరంలో చదువుకునే రోజుల్లో మనం కొట్టుకు చచ్చిన గురజాడ వారి "దిద్దుబాటు" కూడా (1910 నాటిది, నువ్వే గెలిచావు, ఒప్పుకుంటున్నాను). అర్ధరాత్రి దాటాక ఒకాయన తలుపు తీయమని పిలవడంతో మొదలు! ఎవరు, ఏం పని చేస్తాడు, ఇవేవీ ముందు లేవు. నాకూ తలుపు ఉంది కదా అనిపించింది. గాలి వేగం, పేరు, తీరం అన్నీ తీసి పక్కన పెట్టి, గడియ ఊడిన దగ్గర మొదలుపెట్టాను.

నాలుగు రాత్రులు పట్టింది. అరుగు మీద వేలెత్తి ఆగితే సరిపోయింది, కాగితం మీద వేలెక్కడిది? ఒక్కో చెట్టునీ ఒక్కో వరసలో ఒంటరిగా వదిలేశాను. తర్వాత చెల్లిని పైకి చదవమని, నేను గోడవైపు తిరిగి కూర్చుని విన్నాను. అది గబగబా చదివేసిన చోటల్లా నేను అనవసరంగా సాగదీసిన చోటే. కొట్టేశాను. ఊపిరి అందక తడబడిన చోట వాక్యం విరిచాను. చివరి వాక్యం నాన్నదే, మార్చలేదు. నువ్వు కూడా ఎవరిచేతైనా చదివించుకో, నీ ఆఫీసు కథ ఇంకా పెట్టెలోనే ఉంటే. అసలు దాన్ని నువ్వు లిఫ్టు ఆగిపోయిన దగ్గర మొదలుపెడితే... సరే, అది విడిగా రాస్తాను.

బావ బయల్దేరుతున్నాడు, ఆటో వచ్చేసింది. ఈ ఉత్తరం, ఆ కథ రెండూ అతనికే ఇచ్చి పంపుతున్నాను, సాయంత్రం బండికి వస్తున్నాడు. తిత్లీ రాత్రి నువ్వు నాకు తెల్లారేదాకా ఫోన్ చేస్తూనే ఉన్నావని మీ అమ్మ చెప్పింది. ఎక్కడ నిలబడి చేశావురా? ఇంకో చేతిలో ఏముంది? అది రాయి, వాతావరణం వద్దు. హారన్ కొడుతున్నాడు, ఉంటా