సాగర్‌కి మళ్ళీ వెళ్ళొచ్చాను, ఈసారి ఒక మామ్మతో

ఒరేయ్ ఇరవై ఏడో గేటూ,

ముందు క్షమించు. దసరాకి ముందు నువ్వు ఫోన్ చేసి "వివరంగా రాస్తానన్నావు, ఏదిరా ఉత్తరం?" అని అడిగావు. అప్పటి నుంచి ఇవాళ్టిదాకా పెన్ను పట్టలేదు. పరీక్షలు, పేపర్లు దిద్దడం, మధ్యలో అమ్మ కంటి ఆపరేషన్. బాగానే జరిగింది, కంగారుపడకు. సూదిలోకి దారం తనే ఎక్కించుకుంటోంది. పెద్దాడికి గుంటూరులో ఉద్యోగం దొరికింది. మిరపకి ఈసారి పురుగు తక్కువ. ఇంటి సంగతులు ఇంతే, మిగతావి నువ్వొచ్చినప్పుడు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. ఫోన్లో చెప్పబోతే సగంలో గొంతు పట్టేస్తుందేమోనని రాస్తున్నాను.

మొన్న శనివారం మా ఎనిమిదో తరగతి పిల్లల్ని సాగర్ తీసుకెళ్ళాం. అవున్రా, మన నాగార్జునసాగరే!

నీకు గుర్తుందా, 1988 జనవరి, సంక్రాంతి సెలవులు అయిపోగానే? తలకి 25 రూపాయలు. మీ నాన్న "వెళ్ళిరా, నీళ్ళలోకి దిగమాకు" అన్నాడు, అనుమతి అంటే అంతే. చీకటితోనే ఆర్టీసీ బస్సు బడి ముందు ఆగితే, కిటికీ సీటు కోసం నువ్వు నా మోకాలి మీదుగా దూకావు. మీ అమ్మ విస్తరాకులో కట్టిచ్చిన పులిహోర మాచర్ల రాకముందే విప్పేశావు, బస్సంతా ఇంగువ వాసన. మన సోషల్ మాస్టారు బస్సు దిగీ దిగగానే రోడ్డు పక్కనే నిలబెట్టి నోట్సు చెప్పారు. డ్యామ్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ చేతుల మీదుగా కాలవలకి నీళ్ళు, ఎత్తు 124 మీటర్లు, గేట్లు 26. నువ్వు వేలు పెట్టి లెక్కపెట్టి "ఇరవై ఏడండీ" అన్నావు. ఆయన మళ్ళీ లెక్కపెట్టమన్నారు. మళ్ళీ ఇరవై ఏడే! ఆ తర్వాత ఏం జరిగిందో ఇక్కడ రాయనులే, ఉత్తరం మీ ఆవిడ కూడా చదువుతుంది.

ఇప్పుడు అలా కాదురా. ఒక్కరోజు తీసుకెళ్ళాలంటే నెల ముందు నుంచి కాగితాలు. పైఆఫీసు అనుమతి, బస్సు ఫిట్‌నెస్ పత్రం, ప్రతి పిల్లకీ కన్సెంట్ ఫారం, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఆడపిల్లలకి తోడుగా మేడమ్‌లు. వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టాం. బస్సు పిడుగురాళ్ళ దాటకముందే "సార్ ఎక్కడున్నారు", "మా వాడు టిఫిన్ తిన్నాడా" అని నలభై మెసేజ్‌లు. మొదట్లో విసుగొచ్చేది. ఇప్పుడు రాదు. 2014లో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది బియాస్ నదిలో ఫొటోలు దిగుతూ నిలబడి ఉంటే, పైన డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు వాళ్ళని ఈడ్చుకుపోయాయి కదా. ఆ రోజు టీవీలో ఆ వీడియో చూసిన ఏ తల్లికైనా ఆ భయం ఎక్కడికి పోతుంది? 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక లాంచీ అన్న మాట వింటేనే ఇళ్ళల్లో వద్దంటున్నారు. అందుకే వాళ్ళు ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ జవాబు చెబుతాను.

మీ చిన్నమ్మాయి బడివాళ్ళు రిసార్టుకి తీసుకెళ్ళారన్నావు. ఈత కొలను, రెయిన్ డాన్సు, డబ్బు వేలల్లో. పిల్ల సంతోషపడింది కదా, సంతోషమే. కానీ నాకు మనసొప్పదురా. పిల్లల్ని ఊరు దాటించేది సంవత్సరానికి ఒక్కసారి. ఆ ఒక్కసారైనా వాళ్ళు తాగే నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడొద్దా? సరే, ఈ గొడవ మనం ఎదురుగా కూర్చుని పడదాం. అసలు విషయానికొస్తాను.

ఫారాలు అందరూ తెచ్చారు, ఒక్క అమ్మాయి తప్ప. నెమ్మదైన పిల్ల, చివరి బెంచీ. అడిగితే తల వంచుకుంటుంది. డబ్బు ఇబ్బందేమో, మేమే వేసుకుందామని సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మానాన్నలు మిర్చి యార్డు పనికి గుంటూరులో ఉంటారట. ఇంట్లో నాయనమ్మ ఒక్కతే. డెబ్బై ఎనిమిదేళ్ళు ఉంటాయి, గట్టి మనిషి. అరుగు మీద కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. వేలిముద్ర వెయ్యమని కాగితం ఇచ్చాను.

"ఏ ఊరు తోలుకుపోతన్నారయ్యా?"

"నాగార్జునసాగర్, అమ్మా. డ్యామ్ చూపిద్దామని."

చేట ఆగిపోయింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అందీ, "మేం కట్టినదాన్ని చూడ్డానికి నా వేలిముద్ర కావాలా?"

నాకు అర్థం కాలేదురా ముందు. తర్వాత మెల్లగా చెప్పింది. వాళ్ళ పుట్టినూరు మెట్ట ప్రాంతం. వానల్లేక, పనుల్లేక, వాళ్ళ నాన్న సంసారాన్నంతా తీసుకుని డ్యామ్ పనికి పోయాడట. ఈమెకి అప్పుడు పద్నాలుగేళ్ళు. పాలమూరు వాళ్ళు, నల్గొండ వాళ్ళు, మనవైపు వాళ్ళు, అందరివీ పక్కపక్కనే గుడిసెలు. నాలుగేళ్ళు మాలు తట్ట మోసింది. పెళ్ళి చేసి ఈ ఊరు పంపారు. అంతే, మళ్ళీ అటు మొహం చూడలేదు. మా ఊరి నుంచి సాగర్ ఎంత దూరం? పొద్దున బయలుదేరితే భోజనాల వేళకి అక్కడుంటాం. అరవై ఏళ్ళలో ఆమెని తీసుకెళ్ళినవాళ్ళు లేరు.

"నన్నూ ఎక్కించుకుంటారా బస్సు?" అని అడిగింది. చిన్నపిల్లలా అడిగిందిరా. నేను అక్కడికక్కడే సరేనన్నాను. మా హెడ్‌మాస్టారు మంచివాడు, "పేరెంట్ ఎస్కార్ట్" కింద ఆమె పేరు రాసి సంతకం పెట్టాడు.

ఆ రోజు ఆమె తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందొచ్చి బస్సు దగ్గర నిలబడింది. చేతిలో చిన్న సంచి, అందులో అటుకులు. దారిలో ఎత్తిపోతల ఆగాం. డెబ్బై అడుగుల మీద నుంచి నీళ్ళు పడుతుంటే పిల్లలు కేకలే కేకలు. ఆమె బస్సు దిగలేదు. "నాకు ఇది కాదు నాయనా, అది చూపించు" అంది.

డ్యామ్‌కి దిగువన వంతెన ఉందిగా, దాని మీదికి రాగానే డ్రైవర్ బండి నెమ్మది చేశాడు. అక్కడ ఆపనివ్వరు, అవతల ఒడ్డుకి వెళ్ళాక పక్కకి తీసి ఆపాడు. మనవరాలు చెయ్యి పట్టుకుని దించింది. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని అలా చూస్తూ నిలబడింది. ఎండ ఆ రాతిగోడ మీద పడుతోంది. పిల్లలు కూడా ఎందుకో అల్లరి మానేశారు. ఆమె అన్న మొదటి మాట వింటావా?

"తలుపులు ఎప్పుడు పెట్టారయ్యా?"

గేట్లు, రా! ఆమె వెళ్ళిపోయేనాటికి అక్కడ గేట్లు లేవు. అవి బిగించడం 1974కి గానీ పూర్తవలేదు. మనం ఏ గేట్ల కోసం రోడ్డు పక్కన నిలబడి తగువులాడామో, ఆ గేట్లని ఆమె అదే మొదటిసారి చూడ్డం. ఆమెకి తెలిసిన డ్యామ్ అంటే రాయి, మాలు, కర్రలతో కట్టిన ఏటవాలు బాట, దాని మీద చీమలబారులాగా మనుషులు. యంత్రాలు చేసే పనిని మనుషులతో చేయించారురా దాన్ని, నలుగురికీ కూలి దొరుకుతుందని. అంత పెద్ద రాతికట్టడం లేచింది తలల మీద, భుజాల మీద. మాస్టారు మనకి చెప్పిన నోట్సులో ఈ ముక్క లేదు. ఆయన్ని తప్పు పట్టడం లేదు, నేనూ ఇరవై ఏళ్ళుగా అదే నోట్సు చెబుతున్నాను. జమీందారు ముక్త్యాల రాజా పోరాడి సాధించాడని చెబుతాను, ఇంజినీరు కె.ఎల్.రావు డిజైన్ చేశాడని చెబుతాను. మోసిందెవరో ఒక్కనాడూ చెప్పలేదు.

పిల్లల్లో ఒకడు "మామ్మా, ఎట్టా మోసేవాళ్ళు?" అని అడిగాడు. అప్పుడు ఆమె ఏం చేసిందంటే, మనవరాలి చున్నీ లాగి, రెండు మెలికలు తిప్పి, గుండ్రంగా చుట్టి చుట్టకుదురు చేసింది. అరవై ఏళ్ళయినా చెయ్యి మర్చిపోలేదురా, రెండు క్షణాల్లో చేసింది! అది పిల్ల నెత్తిన పెట్టి, అక్కడే పడున్న రాయి ఒకటి ఎత్తించి దాని మీద పెట్టించి, "మెడ బిగబట్టమాకు, నడుం నిలబెట్టు, కింద చూడమాకు, ముందరున్న మనిషి మడమ చూసుకుంటా నడువు" అంది. ఆ చివరి బెంచీ పిల్ల నడిచింది. పది అడుగులు. ఎవరూ నవ్వలేదు. తర్వాత వరసగా ఒక్కొక్కళ్ళూ నాకు నాకు అని... మగపిల్లలు కూడా. హెడ్‌మాస్టారు టైమ్ చూసుకుంటున్నాడు గానీ ఏమీ అనలేదు.

"మడమ ఎందుకు చూడాలి మామ్మా?" అంటే, "నా ముందర నడిచే పిల్ల ఒకతి కింద చూసింది" అంది. అంతే. ఆపేసింది. మేమెవరం ఆ తర్వాత ఏమయిందని అడగలేదు.

సర్లే. అక్కడి నుంచి పైలాన్ దగ్గరికి వెళ్ళాం. శంకుస్థాపన గుర్తుగా నిలబెట్టింది. పిల్లలు చదువుతున్నారు. మనవరాలు గట్టిగానే అడిగింది, "మామ్మా, నీ పేరేది?" అని. ఆమె నవ్వి, "నా పేరు మేస్త్రీ పుస్తకంలో ఉండేదే. శనివారం శనివారం పిలిచి కూలి ఇచ్చేవాడు" అంది. ఆమె మామూలుగానే అంది, నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బస్సు వెనక్కి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాను.

ఆ తర్వాతంతా గబగబా. మళ్ళీ ఇవతలి ఒడ్డుకి వచ్చి భోజనాలు, తర్వాత విజయపురి సౌత్‌లో లాంచీ. అందరికీ లైఫ్ జాకెట్లు. మనకి లేవు, గుర్తుందా, నువ్వు వంగి నీళ్ళలో చెయ్యి పెడితే డ్రిల్లు మాస్టారు కాలరు పట్టుకుని లాగారు. నాగార్జునకొండ మీద మ్యూజియం, ఇక్ష్వాకుల శిల్పాలు, బుద్ధుడు, అన్నీ మనం చూసినవే. 1954 నుంచి 60 దాకా తవ్వి, డ్యామ్ నీళ్ళలో మునిగిపోకముందే పాత కట్టడాల్ని విప్పి తెచ్చి మళ్ళీ పేర్చారని చెబితే పిల్లలు ఆశ్చర్యపోయారు. తిరుగుదారిలో అనుపు, అక్కడ అలాగే తెచ్చి పేర్చిన పాత రంగస్థలం మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూశారు.

కానీ లాంచీలో ఒక మాట అందిరా ఆమె. రైలింగ్ పట్టుకుని నీళ్ళలోకి చూస్తూ, "దీని కింద ఊళ్ళున్నయ్యి. వాళ్ళు పొట్ట చేతబట్టుకుని పోయారు, మేం పొట్ట చేతబట్టుకుని వచ్చాం. దోవలో ఎదురుపడేవాళ్ళం" అంది. నేను అది రాత్రి ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను. ఎన్నిసార్లు చదివినా... ఏమో, నీకు రాయాలనిపించింది.

వెనక్కి వచ్చేటప్పుడు సగంమంది నిద్ర. ఆమె మాత్రం మేలుకునే ఉంది. బస్సు ఒకచోట కుడికాలవ దాటింది. నిండుగా పారుతోంది. మనవరాలిని లేపి చూపించింది. ఆ కాలవ నీళ్ళే వాళ్ళ అరెకరానికి పారేది. నేను పక్క సీటులో ఉన్నాను. ఆమె పిల్లతో "చూడు" అంది, ఇంకేం చెప్పలేదు.

అన్నట్టు అసలు సంగతి మర్చిపోతున్నా! గేట్లు లెక్కపెట్టమన్నాను పిల్లల్ని. అందరూ ఇరవై ఆరన్నారు. ఒక్కడు, ఎర్ర చొక్కావాడు, గట్టిగా ఇరవై ఏడన్నాడు. మళ్ళీ లెక్కపెట్టినా అదే! వాడి భుజం తట్టి, అచ్చం నీలాంటివాడే ఒకడున్నాడురా అని చెప్పాను. వాడికి నిన్ను చూడాలని ఉందట. సంక్రాంతికి వస్తావుగా, బడికి తీసుకెళ్తాను. మామ్మ దగ్గరికి కూడా వెళ్దాం. వచ్చే ఏడాది మిగతా క్లాసులవాళ్ళకి ఆమె చేతే చెప్పిద్దామని హెడ్‌మాస్టారుతో అన్నాను. ఒక్కొక్క గంట కూర్చుని ఆమె చెప్పేదంతా రాసుకోవాలి. ఆ మేస్త్రీ పుస్తకం లాంటివి ఇంకా ఎక్కడైనా ఉన్నాయేమో, నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావుగా, ఆఫీసుల్లో ఎవరినైనా అడిగి

ఒరేయ్, మా తమ్ముడు బస్సుకి బయలుదేరిపోతున్నాడు, గుమ్మంలో నిలబడి తిడుతున్నాడు. ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను, అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసాతో పాటు. మనం డ్యామ్ ముందు దిగిన గ్రూప్ ఫొటో నీ దగ్గరే ఉంది, వచ్చేటప్పుడు మర్చిపోకుండా తీసుకురా. ఆ పిల్లలకి చూపించాలి. చెల్లెమ్మని అడిగానని

నీ
మూడో బెంచీ