రంపం మిషనుకు గార్డు ఉందా అని అడిగేవాళ్లే లేరా?

సంపాదకుల వారికి,

కోత మిషనులో పడి వడ్రంగి వేళ్లు తెగిన వార్తను మీరు జిల్లా పేజీలో వేసి వారం దాటింది. ఎవరైనా అధికారి స్పందిస్తారేమోనని ఎదురుచూశాను. ఎవరూ నోరు విప్పలేదు. మీ వార్త కూడా ‘అజాగ్రత్తగా పనిచేస్తుండగా’ అన్న ఒక్క మాటతో విషయం తేల్చేసింది. మిషనుకు గార్డు, అంటే బ్లేడును కప్పే మూత ఉందా, బ్లేడు వెనక రేకు ఉందా, స్విచ్చు చేతికి అందే చోట ఉందా అని విలేకరి అడగాల్సింది. తెగిన వేలిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, పాలిథిన్ కవరులో మూతి కట్టి, ఆ కవరును ఐసు మధ్య పెట్టి తీసుకెళ్లాలని, వేలిని నేరుగా ఐసులో వేయకూడదని రెండు ముక్కలు రాసినా చదివిన వాళ్లకు పనికొచ్చేది.

మన ఊళ్లలోని కోత మిషన్లు చాలావరకు వెల్డింగు షాపుల్లో పుట్టినవే. యాంగిళ్లతో స్టాండు, పైన ఇనుప ప్లేటు, కింద రెండు హెచ్‌పీ మోటారు, వీ బెల్టు, 12 అంగుళాల బ్లేడు. మోటారు నిమిషానికి 1,440 చుట్లు తిరిగితే మోటారు వైపు రెండింతల పుల్లీ ఉంటే బ్లేడు 2,880 తిరుగుతుంది. ఆ లెక్కన పళ్ల వేగం గంటకు 165 కిలోమీటర్లు. పైన గార్డు ఉండదు, కింద బెల్టుకు మూత ఉండదు. ఇంటీరియర్ పనులు జరిగే అపార్ట్‌మెంట్లలో పరిస్థితి ఇంకా ఘోరం. రాయి కోయడానికి చేసిన మార్బుల్ కట్టర్‌ను ప్లైవుడ్ ముక్కకు తలకిందులుగా బిగిస్తారు. గార్డు పీకేస్తారు. స్విచ్చు లాక్ చేస్తారు. నిమిషానికి 12,000 చుట్లకు అటూఇటూగా తిరిగే ఆ నాలుగంగుళాల బ్లేడే వాళ్లకు బల్ల రంపం. ఏదైనా జరిగితే ఆపడానికి బల్ల కిందికి చెయ్యి పెట్టాలి, లేదా ప్లగ్గు పీకడానికి పరుగెత్తాలి.

వేళ్లు ఎలా తెగుతాయో కూడా చెప్పాలి. మేస్త్రి కళ్లు మూసుకుని బ్లేడులో చెయ్యి పెట్టడు. బ్లేడు ముందువైపు పళ్లు కర్రను బల్ల మీదికి నొక్కుతాయి, వెనకవైపు పళ్లు పైకి లేస్తాయి. ఆరని వేప, తుమ్మ, మామిడి పలకలను నిలువుగా చీలిస్తే లోపలి బిగువు వదిలి కోత సందు వెనక మూసుకుంటుంది. ప్లైవుడ్ మూసుకోదు కానీ గైడు, అంటే కర్రను ఆనించి తిన్నగా నెట్టే పట్టీ, నుంచి కొంచెం పక్కకు తిరిగితే చాలు. వెనక పళ్లు దాన్ని పట్టి పైకి లేపి మనిషి మీదికి విసురుతాయి. అప్పటిదాకా కర్రను నెడుతున్న చెయ్యి ఆ ఊపుకి బ్లేడు మీద పడుతుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. జాగ్రత్తగా ఉండమని చెబితే ఆగేది కాదు.

దాన్ని ఆపేది బ్లేడు వెనక నిలబెట్టే ఉక్కు రేకు, రివింగ్ నైఫ్. బ్లేడు పళ్లు చేసే కోత మందం 3 మిల్లీమీటర్లు, పళ్లు కాక బ్లేడు రేకు మందం 2 అయితే నైఫ్ మందం 2.5 ఉండాలి. బ్లేడు రేకు కంటే పల్చగా ఉంటే సందు మూసుకుపోతుంది, కోత కంటే మందంగా ఉంటే కర్ర ముందుకు కదలదు. బ్లేడు గుండ్రానికి తగ్గట్టు దాన్ని వంపుగా కోయాలి. బల్ల మట్టం దగ్గర పళ్లకు, నైఫుకు మధ్య 10 మిల్లీమీటర్లు మించి ఖాళీ ఉండకూడదు. బ్లేడు ఇరుసు ఉన్న ఫ్రేముకే రెండు బోల్టులతో, పొడవాటి గాడి పెట్టి బిగించాలి. పై ప్లేటుకు బిగిస్తే ప్లేటు ఎత్తు మార్చినప్పుడల్లా దూరం మారిపోతుంది. మిషను చేసే వెల్డరుకు ఇది పెద్ద పని కాదు, కొన్ని వందల రూపాయల ఇనుము. అయినా అడిగేవాడు లేడు కాబట్టి చేసేవాడూ లేడు.

గార్డు తీసేశాడని మేస్త్రిని తిట్టేవాళ్లు అతను ఎందుకు తీస్తాడో తెలుసుకోవాలి. అంచులకు కొట్టే అర అంగుళం బీడింగు పట్టీలు చీల్చేటప్పుడు గైడుకీ బ్లేడుకీ మధ్య గార్డు పట్టదు. అల్మారా వెనక ప్లై కోసం గాడి కొట్టాలంటే నైఫు మీద కూర్చున్న గార్డు కర్రను అడ్డుకుంటుంది. అందుకని విప్పుతారు, విప్పింది మళ్లీ ఎక్కదు. మూలన పొట్టులో పడి ఉంటుంది. దీనికీ దారి ఉంది. నైఫ్ పైకొసను బ్లేడు కంటే రెండు మిల్లీమీటర్లు కిందికి పెడితే గాడి పనికి దాన్ని విప్పక్కర్లేదు. గార్డును పైనుంచి వేరే చేతికి వేలాడదీయాలి. బీడింగు పట్టీని గైడు వైపు కాకుండా బ్లేడు అవతలి వైపు పడేలా కోసి, ప్రతి పట్టీకీ గైడు జరుపుకోవాలి. కాస్త ఆలస్యమే, కానీ చెయ్యి దూరంగా ఉంటుంది. కోతలో చివరి అడుగు పొడవును నెట్టడానికి వేళ్లు కాదు, కొసన గాటు పెట్టిన అడుగున్నర ప్లైవుడ్ కర్ర వాడాలి. ఏ షెడ్డులోనైనా అలాంటి ముక్కలు కుప్పలుగా ఉంటాయి.

స్విచ్చు సంగతి మరీ అన్యాయం. మామూలు స్విచ్చు పెట్టిన మిషను కరెంటు పోతే ఆగుతుంది, వస్తే తనంతట తానే తిరుగుతుంది. ఆ మధ్యలో ఎవరైనా బ్లేడు దగ్గర ఇరుక్కున్న ముక్క తీస్తుంటే? కరెంటు పోగానే పడిపోయి, మళ్లీ నొక్కితేనే ఎక్కే స్టార్టరు పెట్టాలి. బోరు మోటారుకు పెట్టే రైతుకు తెలిసిన ఈ సంగతి వర్క్‌షాపులకు ఎవరూ చెప్పడం లేదు. పైగా మార్చి 4న భద్రతా దినోత్సవం పేరుతో గ్లౌజులు పంచి ఫొటోలు దిగుతారు. తిరిగే రంపం దగ్గర గ్లౌజులు వేసుకోకూడదు. పళ్లకు దారం తగిలితే చేతినే లోపలికి లాగేస్తుంది. ఇది తెలియనివాళ్లు భద్రత గురించి ఉపన్యాసాలిస్తున్నారు.

చట్టం లేదా అంటే ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ యంత్రాలకు కంచె ఉండాలంది. ఫ్యాక్టరీ నిబంధనల్లో కలప యంత్రాలకు వేరే షెడ్యూలే ఉంది, పైన రాసిన 10 మిల్లీమీటర్ల కొలత దానిలోదే. కానీ ఆ చట్టం ప్రకారం కరెంటు వాడేచోట పదిమంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. మన షెడ్లలో ఉండేది ముగ్గురో నలుగురో. పదిమంది లేని చోటుకూ చట్టాన్ని వర్తింపజేసే అధికారాన్ని 85వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చినా అది ఈ షెడ్ల గుమ్మం దాకా రాలేదు. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ అయితే ఆ పదిని ఇరవై చేసింది. ప్రమాదం ఎక్కువున్న చోటే చట్టం చేతులెత్తేస్తే ఇంకెవరి కోసం ఆ చట్టం?

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం పట్టికలో చూపుడువేలు పూర్తిగా పోతే సంపాదించే శక్తిలో 14 శాతం, బొటనవేలు పోతే 30 శాతం నష్టంగా లెక్కించేవారు. నెలకు 15,000 జీతం, 30 ఏళ్ల వయసు అనుకుంటే ఆ లెక్కన చూపుడువేలికి సుమారు 2.62 లక్షలు వచ్చేది. అది ఇవ్వాల్సింది యజమాని. సైటులో యజమాని ఎవరంటే బిల్డరు కాంట్రాక్టరును, కాంట్రాక్టరు మేస్త్రిని చూపిస్తారు. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసే సంక్షేమ బోర్డులు ప్రమాదం జరిగాక దరఖాస్తు తీసుకుంటాయి. ముందే ఒక మనిషిని పంపి మిషను చూడమంటే మాత్రం సిబ్బంది లేరంటారు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వోచరు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నారు. ఆ అప్పుతో కొనే ప్రతి కోత మిషనుకూ రివింగ్ నైఫు, గార్డు, బెల్టు మూత, స్టార్టరు ఉంటేనే బిల్లు చెల్లుతుందని జిల్లా పరిశ్రమల కేంద్రం షరతు పెట్టాలి. శిక్షణలో ఒక రోజంతా వీటిని బిగించడం, సరిచేయడం మీదే గడపాలి. అంతకంటే ముందు ఐటీఐల్లో, శిక్షణ కేంద్రాల్లో ఉన్న రంపాలకు గార్డులున్నాయో లేదో కార్మిక శాఖ ఈ నెలలోనే చూసి, లేనివి ఎన్నో మీ పత్రికలో ప్రకటించాలి.

– ఫర్నిచర్ వర్క్‌షాపు నిర్వాహకుడు, రాజమహేంద్రవరం