లారీ కూడా వింటేజే సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్ల పాతకాలం కార్ల ఫొటోలు ఏసిన్రు, చూసి మస్తు సంతోషమైంది, కానీ ఒక్క లారీ అన్న ఉంటదేమో అని పేజీ తిప్పి తిప్పి చూసిన, లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్న.

మాది నర్సంపేట దగ్గర ఊరు, ఇప్పుడు హన్మకొండల ఉంటున్నం. మా నాయినకు 1968 మోడల్ టాటా మెర్సిడెస్ 1210 లారీ ఉండె. టాటావాళ్లకు జర్మనీ బెంజ్ కంపెనీతోని 1954ల కుదిరిన ఒప్పందం 1969ల అయిపోయింది, మా బండి అంతకు ముందుది కాబట్టి ముందర జాలి మీద ఆ మూడు కొమ్మల బెంజ్ చుక్క ఇప్పటికీ ఉంది. 1210 అంటే లోడుతోని కలిపి పన్నెండు టన్నులు, దగ్గర దగ్గర వంద హార్స్‌పవర్ అని నాయిన చెప్పేటోడు. ఏటూరునాగారం అడివి నుంచి వెదురు, సీజన్ల మిర్చి బస్తాలు, పత్తి, రెండేండ్లకోసారి మేడారం జాతరకు ఊరోళ్లందరు, కోళ్లు, బెల్లం అన్నీ దాంట్లనే. పస్రా దాటి తాడ్వాయి అడివిల పడ్డంక రాత్రిపూట ఆ ఆరు సిలిండర్ల మోత వినుకుంట బస్తాల మీద పండుకున్నోన్ని నేను.

నాయిన పొయినంక బండి పన్నెండేండ్లు చింతచెట్టు కింద నిలబడ్డది. తుక్కోళ్లు తూకానికి అడిగిన్రు, అమ్మ ఇయ్యనియ్యలే.

మూడేండ్ల కింద పని మొదలుపెట్టినం. ఇంజను జామ్ అయి ఉండె, నాజిళ్లు ఊడదీసి ఆరు సిలిండర్లల్ల డీజిల్, ఆయిల్ కలిపి పోసి రోజులకు రోజులు నానబెట్టి రోజింత రోజింత రాడ్డు పెట్టి తిప్పితె పదో రోజు కదిలింది, ఆ రోజు ముసలి మేస్త్రీ కండ్లల్ల నీళ్లు తిరిగినయి, నాకు కూడా. తర్వాత లైనర్లు, పిస్టన్లు, రింగులు, క్రాంక్ గ్రైండింగ్, పంపు క్యాలిబ్రేషన్, అన్నీ ఆటోనగర్‌లనే దొరికినయి. కమాన్ పట్టాలు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలు, రెండు విరిగి ఉంటె కొత్తయి కట్టిచ్చినం. క్యాబిన్ మాత్రం ఒక్క కట్టె కూడా పనికొచ్చేటట్టు లేకుండె.

ఈ క్యాబిన్ సంగతి కార్లోళ్లకు తెల్వదు, చెప్పాలె. అప్పుడు లారీ అంటే కంపెనీ నుంచి ఛాసిస్ (కింది చట్రం), ఇంజను, ముందర మూతి మాత్రమే వచ్చేవి, క్యాబిన్, బాడీ ఇక్కడ మన వడ్లోళ్లు, వెల్డింగోళ్లు కట్టేది, ఆ పెయింటింగ్, నొసటి పలక మీద సమ్మక్క సారలమ్మ అని రాసుడు కూడా మనోళ్లదే. అంటే సగం బండి జర్మనీ డ్రాయింగ్ అయితే సగం బండి వరంగల్ చెయ్యి. పాత కొలతలు తీసుకొని మళ్లా కట్టెతోనే కట్టిచ్చిన, రేకు క్యాబిన్ పెట్టుమంటె ఒప్పుకోలే.

కొన్ని మాత్రం మార్చినం, అది తప్పు కాదు అని గట్టిగ చెప్త. పాత బ్రేకులకు మా దాంట్ల ఒక్కటే లైను, యాడన్న ఒక పైపు లీకైతె మొత్తం బ్రేకులు పోతయి. ఇప్పుడు ముందుకు వెనక్కు వేరే వేరే లైన్లు ఏసినం. కరెంటు కోసం పాత డైనమో తీసి ఆల్టర్నేటర్, వెనక మంచి లైట్లు, ఇండికేటర్లు, రిఫ్లెక్టర్ టేపు. పవర్ స్టీరింగ్ వద్దన్న, గేరు మార్చినప్పుడల్లా రెండుసార్లు క్లచ్ తొక్కి డబల్ క్లచ్ కొట్టుకుంట, భుజాలతోని తిప్పుకుంట నడిపితెనే మా నాయిన పడ్డ కష్టం ఏందో నా కొడుక్కు తెలుస్తది.

ఇగ అసలు విషయం. 2021 జులైల కేంద్రం వింటేజ్ బండ్ల రూల్స్ తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏండ్లు దాటిన బండికి వీఏ అని వేరే నంబర్, పదేండ్ల రిజిస్ట్రేషన్, ఎగ్జిబిషన్లకు ర్యాలీలకు తీసుకపోవచ్చు, రోజువారీ వాడకానికి, కిరాయికి వాడొద్దు. మంచి రూలే. కానీ అది ఎల్1, ఎల్2, ఎం1 బండ్లకే, అంటే మోటర్ సైకిళ్లు, కార్లు. సరుకు లారీలు ఎన్ కేటగిరీ, వాటి మాటే లేదు. ఒకాఫీసుల అడిగితె తుక్కుకు ఇచ్చెయ్యి కదా అన్నరు. ఏడాదికోసారి ఫిట్‌నెస్ చేపిచ్చుకుంట కిరాయి బండి లెక్కనే నడుపు, లేకపోతె తుక్కు చెయ్యి, మధ్యల తొవ్వ లేదు. దొరల కారుకు 50 ఏండ్లు నిండితె గౌరవం, కష్టం చేసిన లారీకి నిండితె గ్యాస్ కట్టర్, ఇది న్యాయమా సార్?

మన ఎంపీలు ఢిల్లీల అడగాలె, మన రవాణా శాఖ కేంద్రానికి రాయాలె. వింటేజ్ రూల్‌ల లారీలను చేర్చాలె. ఛాసిస్, ఇంజను, బాడీకి పెద్ద మార్పులు చెయ్యొద్దంటున్నరు కదా, ఛాసిస్, ఇంజను వరకు అది ఉండనీ, కానీ పుచ్చిపోయిన కట్టె క్యాబిన్‌ను పాత కొలతలతోని మళ్లా కట్టుకునుడు, బ్రేకులు, లైట్లు మంచిగ చేసుకునుడు తప్పు కాదని రూల్‌లనే సాఫ్‌గ రాయాలె, రోడ్డు మీద పక్కోని పానం కూడా ముఖ్యమే కదా.

మీ రిపోర్టర్‌ను ఒక్కసారి మా దగ్గరికి పంపున్రి, ఇటు ములుగు, భూపాలపల్లి, పరకాల దిక్కు చెట్ల కింద ఇసొంటి బండ్లు ఎన్ని ఉన్నయో నేనే తిప్పి చూపిస్త. జెల్ది పంపున్రి, పోయిన ఎండకాలం నేను చూసిపెట్టుకున్న రెండు బండ్లు ఇప్పుడు అక్కడ లేవు.

ఇట్లు,
ఒక లారీ డ్రైవర్ కొడుకు,
హన్మకొండ