శనివారం కాల్‌కి ముందు పేరోల్ లెక్క

అందరికీ నమస్కారం! శనివారం రాత్రి 9కి, ఈస్టర్న్ టైమ్, మన బేస్‌బాల్ కాల్. ఎవరి టీమ్ లెక్క వాళ్లు శుక్రవారంలోపు షీట్‌లో పెట్టేయండి.

2026 లగ్జరీ ట్యాక్స్ గీత, అంటే అమెరికా మేజర్ లీగ్‌లో టీమ్ జీతాల మొత్తం దాటితే పన్ను పడే హద్దు, 24.4 కోట్ల డాలర్లు. ఒక్కో ఆటగాడికి లెక్కలో వేయాల్సింది ఆ ఏడాది చేతికిచ్చే జీతం కాదు, కాంట్రాక్ట్ మొత్తం మీద ఏడాది సగటు. మెట్స్ ఆటగాడు సోటోకి 15 ఏళ్లకు 76.5 కోట్లు, అంటే ఏటా 5.1 కోట్లు.

డాడ్జర్స్ ఆటగాడు ఒహ్తానీ దగ్గర జాగ్రత్త. పదేళ్ల కాంట్రాక్ట్‌లోని 70 కోట్లలో 68 కాంట్రాక్ట్ అయ్యాక ఇచ్చేలా వాయిదా వేశారు కాబట్టి లెక్కలోకి వచ్చేది ఏటా దాదాపు 4.6 కోట్లే, 7 కాదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

గీత దాటితే పైమొత్తం మీద మొదటిసారి 20 శాతం పన్ను, వరుసగా రెండో ఏడాది 30, ఆపైన 50. క్వాలిఫైయింగ్ ఆఫర్ (పాత టీమ్ ఇవ్వజూపే ఏడాది కాంట్రాక్ట్) కాదన్నవాణ్ని తీసుకుంటే డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతు) కూడా పోతుంది.

జూలైలో టీమ్‌ల మధ్య జరిగే ఆటగాళ్ల మార్పిడికి (ట్రేడ్‌లకి) గీత కింద కాస్త ఖాళీ ఉంచండి. ఆటగాళ్ల ఇన్సూరెన్స్, పెన్షన్ లాంటి బెనిఫిట్ల ఖర్చు కలపడం మర్చిపోవద్దు, ప్లీజ్!